పద్దెనిమిది గోళ్ళ పంచాయితీ

మా ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయింది. పిల్లల వార్డులోనే ఎక్కువ కాలం పనిచేసింది. మా చెల్లెలు కూకట్‌పల్లిలో నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటుంది, బూరె అనే పిల్లిని పెంచుతుంది. సెల్లార్‌లో కారు కింద దొరికిన పిల్లి అది. కుక్కర్ కూత పెడితే మంచం కిందికీ, కాలింగ్ బెల్ మోగితే బీరువా మీదికీ పోయే రకం. దాని గోళ్ళు తీయడం గురించి మొన్న వదినా ఆడపడుచుల మధ్య జరిగిన వాదన ఇది. మాటలు కాస్త సర్దాను గానీ పంతాల జోలికి పోలేదు.

వదిన: పిల్లికి గోళ్ళు తీయడమేమిటమ్మా, చోద్యం కాకపోతే! మా పుట్టింట్లో ధాన్యం గాదె చుట్టూ ఎప్పుడూ రెండు మూడు పిల్లులు తిరిగేవి. వాటి గోళ్ళు తీయాలని ఒక్కరికీ తోచలేదు.

ఆడపడుచు: తోచకపోవడమే మంచిదయింది వదినా. బయట తిరిగే పిల్లికి గోళ్ళు తీయకూడదు కూడా. కుక్క తరిమితే అది చెట్టెక్కాలి. పైగా పిల్లి గోరు పొరలు పొరలుగా పెరుగుతుంది. చెట్టు బెరడు మీద గీరుకుంటే పాత పొర ఊడిపోయి కింద కొత్తది తేలుతుంది. నా ఇంట్లో సోఫా, కర్టెన్లు, నా మోచేతులు తప్ప బూరెకి గీరుకోవడానికి ఏమున్నాయి చెప్పు?

వదిన: దానికోసం ఓ స్తంభం కొన్నానన్నావుగా?

ఆడపడుచు: కొన్నాను, మూరెడుంది. పిల్లి ఒళ్ళు విరుచుకుంటూ నిలువునా సాగి గీరుతుంది. దానికి రెండున్నర మూడడుగుల ఎత్తుండాలి, ఊగకూడదు. చివరికి పాత బల్ల కాలుకి కొబ్బరితాడు బిగించి చుట్టాను. అది నచ్చింది మహారాణికి. ఇంకో సంగతి, గీరడం గోళ్ళ కోసమే కాదు. దాని పంజా వేళ్ళ మధ్య గ్రంథులుంటాయి, ఇది నా చోటు అని ఆ వాసన అక్కడ అంటిస్తుంది. అందుకే గీరొద్దని అదిలించడం దండగ. కానీ ఎంత గీరినా ముందుకాలి లోపలివైపు బొటనవేలుంది చూడు, అది నేలకు తగలదు. ఆ గోరు అరగక వంకీ తిరిగి, చివరికి వేలి కింది మెత్తలోకే గుచ్చుకుంటుంది. ముసలి పిల్లుల్లో అయితే మరీను. కీళ్ళనొప్పులతో అవి గీరడం తగ్గిస్తాయి, గోళ్ళేమో లావెక్కుతాయి.

వదిన: సరే, తీయాలనే అనుకుందాం. పట్టుకో, తీసెయ్, వదిలెయ్. రెండు నిమిషాల పని. నువ్వు దీన్ని వారాల తరబడి శిక్షణంటావు. నేను ఎంతమంది పిల్లలకి సూదులేశాననుకున్నావు? తల్లి పక్కన కూర్చుని, ఏమీ కాదు నాన్నా, ఏమీ కాదు నాన్నా అని బతిమాలుతున్నకొద్దీ వాడికి భయం ఎక్కువవుతుంది. గట్టిగా పట్టుకోమని చెప్పి, చటుక్కున గుచ్చి తీసేస్తే అరనిమిషంలో ఏడుపు ఆపేస్తాడు. జాగు చేయడమే బాధపెట్టడం.

ఈ వాదనకి బలముంది. మా ఇద్దరు పిల్లలకీ టీకాలు ఆవిడే వేసింది, వాళ్ళు ఏడ్చినట్టు నాకు గుర్తు లేదు. ఏడ్చింది నేను.

ఆడపడుచు: సూదికీ గోరుకీ లెక్క వేరు వదినా. పిల్లాడికి ఏడాదిన్నర దాటితే మళ్ళీ ఐదో ఏడు దాకా సూది లేదు. ఇంట్లో ఉండే పిల్లికి రెండు మూడు వారాలకోసారి గోళ్ళు చూడాలి. ముందు కాళ్ళకి ఐదేసి, వెనక కాళ్ళకి నాలుగేసి, మొత్తం 18. ఏడాదికి ఇరవై సార్ల దాకా తేలుతుంది. ఇంటి పిల్లి పదిహేనేళ్ళు బతకొచ్చు. ఈసారి నేను గెలిచి, మిగతా అన్నిసార్లూ దాన్ని మంచం కింద వెతుక్కోవాలా? ఇంకోటి కూడా ఉంది. సూది వేసిన నర్సు ఆసుపత్రిలోనే ఉండిపోతుంది, పిల్లాణ్ణి ఎత్తుకుని ఇంటికెళ్ళేది తల్లి. నా ఇంట్లో గోరు తీసేదీ అన్నం పెట్టేదీ ఒకే చెయ్యి. దాన్ని చూసి బూరె పారిపోతే నాకు ఇంకో చెయ్యి లేదు.

వదిన: అయితే నన్ను పిలు. నేనొచ్చి తీసి వెళ్ళిపోతాను. తిట్టుకుంటే నన్నే తిట్టుకోనీ.

ఆడపడుచు: అది డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం లాంటిదే. కొన్ని పిల్లులకి అదే దారి, కాదనను. కానీ నువ్వెలా పట్టుకుంటావో చెప్పు ముందు.

వదిన: ఎలా ఏమిటి, మెడ వెనక తోలు పట్టుకుంటే కిక్కురుమనదు. తల్లిపిల్లి పట్టుకెళ్ళేది అలాగేగా!

ఆడపడుచు: కళ్ళు తెరిచిన నాలుగు రోజులకి అలా పట్టుకుంటే కాళ్ళు ముడుచుకుని ఊరుకుంటుంది, నిజమే. పెద్దయ్యాక పిల్లి మెడ పట్టేవాళ్ళు ఇద్దరే. కొట్లాటకొచ్చిన శత్రువు, జతకట్టే మగపిల్లి. అప్పుడు కదలకపోతే ఒప్పుకున్నట్టు కాదు, కొయ్యబారిపోయినట్టు. 2022లో అమెరికా పిల్లుల వైద్యుల సంఘం, అంతర్జాతీయ సంఘం కలిసి రాసిన మార్గదర్శకాల్లో ఈ మెడపట్టు వద్దనే చెప్పారు. ఆసుపత్రి బల్ల మీద, చేయి తిరిగిన డాక్టర్లకే వద్దన్నారు.

వదిన: మరి గుర్రుగుర్రుమంటూ ఉంటే సంతోషంగా ఉన్నట్టేగా?

ఆడపడుచు: నొప్పిలోనూ భయంలోనూ కూడా గుర్రుమంటుంది. దాన్ని నమ్ముకోకూడదు. తోక చూడాలి, కొస టపటపా కొట్టుకుంటుందా అని. చెవులు పక్కలకి వాలి చదునైపోయాయా, కంటిపాప పగలే పెద్దదయిందా, వీపు మీద చర్మం అల అలగా కదులుతోందా. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజుకి కత్తెర డ్రాయర్లోకి. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తే అది మామూలు భయం కాదు, వెంటనే వదిలెయ్యాలి. మన మే నెల ఎండల్లో తువ్వాలు చుట్టి బిగించే వాళ్ళకి ఈ మాట మరీ ముఖ్యం.

వదిన: తువ్వాలూ వద్దా? నాకు తెలిసిన మంచి పద్ధతి అదొక్కటే మిగిలింది.

ఆడపడుచు: వద్దనలేదు. ఆ తువ్వాలు ముందు కొన్నాళ్ళు దాని పడకై ఉండాలి. దాని మీదే పడుకుని, దాని మీదే తిని, తర్వాత ఒక పంజా మాత్రం బయటుండేలా వదులుగా కప్పితే ఊరుకునే పిల్లులున్నాయి. మంచం కింద నుంచి లాగి చుట్టేస్తే మాత్రం తువ్వాలు చూసినప్పుడల్లా పారిపోతుంది. స్నానం చేసి నువ్వు తల తుడుచుకుంటున్నా సరే.

వదిన: ఇంతకీ నీ పద్ధతేమిటి? పూజలో కూర్చున్నట్టు కూర్చుంటావని మీ అన్నయ్య చెప్పాడు.

ఆడపడుచు: అన్నయ్యకేం, చెబుతాడు. మొదట్లో కత్తెర బయటికే తీయను. అది కడుపునిండా తిని మత్తుగా కూర్చున్నప్పుడు పక్కన చేరతాను. భుజం మీద చెయ్యి వేసి, మోచేయి మీదుగా పంజా దాకా జారుస్తాను. వెంటనే ఓ కోడి ముక్క. ఉప్పూ, ఉల్లీ, వెల్లుల్లీ లేకుండా ఉడికించిందే. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలకి విషం. పంజా వెనక్కి లాక్కుందా, వదిలేస్తాను. పట్టు విడిపించుకోవడం తన చేతిలో ఉందని తెలిసిన పిల్లి లాక్కోవడం తగ్గిస్తుంది. ఇది కుదిరాక వేలు నొక్కడం. పైన నా బొటనవేలు, కింద మెత్త మీద చూపుడువేలు. మెల్లగా అదిమితే గోరు ముందుకొస్తుంది. స్నాయువులు దాన్ని ఎప్పుడూ లోపలికి లాగి ఉంచుతాయి, బయటికి చాపడానికే పిల్లి కష్టపడాలి. అదిమినందుకు ఇంకో ముక్క. ఆ తర్వాత చప్పుడు. ఎండు సేమియా పుల్ల ఒకటి దాని ఎదురుగా కత్తెరతో టక్కున తుంచి, మళ్ళీ ముక్క. పంజా ముట్టుకోకుండానే చప్పుడు అలవాటైపోతుంది.

వదిన: ఇది లంచం. రేపు కోడి ముక్క లేనిదే వేలు కూడా ఇవ్వదు.

ఆడపడుచు: ఇవ్వొద్దు. నేను మానేస్తానన్నానా? నువ్వు మీ వార్డులో పిల్లలకి చాక్లెట్ ఇచ్చేదానివి కాదూ?

వదిన: సూది వేశాక ఇచ్చేదాన్ని. ముందు కాదు.

ఆడపడుచు: నేనూ అంతే. ముందు పంజా, తర్వాత ముక్క. ముక్క చూపించి పంజా పట్టుకుంటే ముక్క కనిపిస్తేనే దానికి అనుమానం మొదలవుతుంది. చూశావా, మన ఇద్దరిదీ ఒకే బడి.

వదిన నవ్వలేదు గానీ కాఫీ ఇంకోసారి కలిపింది. ఇక అసలు కోత దగ్గరికి వచ్చారు. నాకు తెలిసినంతలో ఇక్కడ మా ఆవిడదే పైచేయి.

వదిన: సరే, కత్తెర పెట్టావు. నీ చెయ్యి వణుకుతుందిగా?

ఆడపడుచు: కొంచెం.

వదిన: అదీ సంగతి. నువ్వు తడబడితే అది బెదురుతుంది. నీ ఊపిరి బిగపట్టడం దానికి తెలుస్తుంది. కళ్ళజోడు పెట్టుకుంటావా? ట్యూబ్‌లైట్ కింద కాదు, కిటికీ పక్కన కూర్చో. కత్తెర ముందే చేతిలో సరిగ్గా అమర్చుకో. పంజా పట్టాక వెతుక్కోకు. తీసేటప్పుడు సగం నొక్కి ఆలోచించకు. ఒక్క నొక్కు. సూదైనా అంతే, లోపల పెట్టి నిదానిస్తేనే నొప్పి.

ఆడపడుచు: ఈ మాట మాత్రం నెత్తిన పెట్టుకుంటాను. వచ్చిన గొడవంతా ఇదే. చాలామంది ముందు తొందరపడి, కోసేటప్పుడు తటపటాయిస్తారు. తిరగెయ్యాలి.

వదిన: ఎంత మేర తీయాలి?

ఆడపడుచు: కొక్కెంలా వంగిన కొస మాత్రమే. గోరు వెలుతురుకి పెట్టి చూస్తే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. నరం, రక్తనాళం అక్కడే. దానికి కనీసం రెండు మిల్లీమీటర్ల ఇవతలే ఆగాలి. గోరు నల్లగా ఉండి లోపల కనిపించకపోతే ఇంకా తక్కువ తీయాలి. పిల్లుల కోసం వచ్చే చిన్న కత్తెర, నోరు గుండ్రంగా వంపు తిరిగి ఉంటుంది, అదే మేలు. బ్లేడ్లు గోటికి పైనుంచీ కిందనుంచీ కలవాలి. పక్కల నుంచి అదిమితే గోరు చీలుతుంది. మొద్దుబారిన బ్లేడు కోయదు, నలుపుతుంది. ఆ నలుపుడుకే పిల్లి సగం పంజా లాక్కునేది.

వదిన: 18 ఒకే పూట అవుతాయా?

ఆడపడుచు: బూరెకి పూటకి ఒకటి. మరీ మంచి రోజైతే రెండు. వెనక కాళ్ళవి అంత వాడిగా ఉండవు, తనే కొరుక్కుని పొరలు ఊడదీసుకుంటుంది. వాటి జోలికి అరుదుగా పోతాను. ముందు కాళ్ళ పది గోళ్ళు ఒక చుట్టు వచ్చేసరికి మొదటిది మళ్ళీ పెరిగి ఉంటుంది. పెరగనీ. పళ్ళు తోముకున్నట్టు రోజూ ఉండే పని అనుకుంటే గొడవ లేదు.

వదిన: పొరపాటున నరం తెగి రక్తం వచ్చిందనుకో. ఇంత కాఫీ పొడి అద్దితే ఆగుతుంది. పసుపైనా సరే.

ఆడపడుచు: కాఫీ పొడి మాత్రం వద్దు వదినా! పంజా మీద ఏది అద్దినా అది నాకేస్తుంది. కెఫీన్ పిల్లికి విషం. పసుపు విషం కాదు గానీ ఇల్లంతా పచ్చటి అడుగులు పడతాయి. కార్న్‌ఫ్లోర్ చిటికెడు గోటి కొసకి అద్ది, దూదితో రెండు మూడు నిమిషాలు కదలకుండా నొక్కి ఉంచితే చాలు. రక్తం ఆపే స్టిప్టిక్ పొడి కూడా దొరుకుతుంది.

వదిన: తర్వాత కాస్త డెట్టాల్ నీళ్ళతో తుడిచి...

ఆడపడుచు: అది ఇంకా ప్రమాదం. ఆ జాతి మందులు, ఫినాయిల్ తరహావి, పిల్లికి పడవు. మన కాలేయం కొన్ని పదార్థాల్ని గ్లూకురోనిక్ ఆమ్లంతో కలిపి బయటికి పంపేస్తుంది. ఆ పని చేసే ఎంజైమ్ పిల్లికి చాలా తక్కువ. అందుకే మనకి మామూలుగా అరిగే మందు దాని ఒంట్లో ఉండిపోయి విషమవుతుంది. పారాసిటమాల్ సంగతీ అంతే. నొప్పిగా ఉందేమోనని ఒక్క మాత్ర ఇస్తే చాలు, ప్రాణం పోవచ్చు. రక్తం ఆక్సిజన్ మొయ్యలేకపోతుంది, చిగుళ్ళు గోధుమరంగుకి తిరుగుతాయి.

వదిన: మెథెమోగ్లోబిన్!

ఆడపడుచు: అదే.

వదిన: చిన్నపిల్లల డోసు ఇస్తే...

ఆడపడుచు: అరమాత్రా కాదు, సిరప్పూ కాదు. మనుషుల మందు ఏదీ కాదు.

ఇక్కడ కాసేపు గోళ్ళు వదిలేసి ఇద్దరూ కాలేయం గురించి మాట్లాడుకున్నారు. మా ఆవిడకి అంత శ్రద్ధగా ఎవరైనా ఏదైనా చెబుతుంటే వినడం నేను చూసి చాలా రోజులైంది. తర్వాత తనే పగ్గాలు అందుకుంది.

వదిన: దాని రక్తం సరే. నీ రక్తం మాటేమిటి? గీరితే ఏం చేస్తావు?

ఆడపడుచు: కడుక్కుంటాను.

వదిన: ఎంతసేపు?

ఆడపడుచు: ఏదో కాసేపు...

వదిన: 15 నిమిషాలు. సబ్బుతో, ధారగా పారే నీళ్ళ కింద. గడియారం చూసి. రేబిస్ కుక్కకే వస్తుందనుకుంటారు అందరూ. పిల్లికీ వస్తుంది, పంజా నాకుతూ ఉంటుంది కాబట్టి గోటికి చొంగ ఉంటుంది. రక్తం రాని చిన్న గీత అయితే రెండో తరగతి కింద లెక్క, టీకా వెయ్యాలి. చర్మం తెగి రక్తం వస్తే మూడో తరగతి, టీకాతోపాటు గాయంలోనూ చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తాం. సర్కారు దవాఖానాల్లో ఉచితమే.

ఆడపడుచు: బూరెకి ఏటా టీకా వేయిస్తున్నాను వదినా. కార్డు కూడా ఉంది.

వదిన: మంచిది, ఆ కార్డు పట్టుకెళ్ళి డాక్టరుకి చూపించు. పది రోజులు పిల్లిని గమనించమంటారు. ఏం వెయ్యాలో ఏం అక్కర్లేదో ఆయన చెబుతాడు, నువ్వు కాదు. సెల్లార్‌లో కొత్తగా దొరికిన పిల్లి అయితే అసలు ఆలోచించకు. గీరడం కంటే కరవడం ఇంకా చెడ్డది. పిల్లి పన్ను సన్నంగా లోతుగా దిగుతుంది, పైన చుక్కంత కనిపిస్తుంది. మర్నాటికి చెయ్యి వాచిపోయి వచ్చిన వాళ్ళని ఎందరినో చూశాను.

చెల్లెలికి ఇది కొత్త. పిల్లి సంగతులన్నీ చదివింది గానీ తన చేతి సంగతి చదవలేదు. పెంపుడు జంతువులున్న ఇళ్ళలో ఈ ధోరణి నేను తరచు చూస్తుంటాను.

వదిన: ఇంత తతంగం ఎందుకు, అమెరికాలో గోళ్ళే శాశ్వతంగా తీయించేస్తారట. మా పెద్దమ్మ కొడుకు చెప్పాడు, వాళ్ళ పక్కింటి వాళ్ళు అలాగే చేశారని.

ఆడపడుచు: గోరు కాదు వదినా తీసేది. పిల్లి గోరు వేలి చివరి ఎముక నుంచే పెరుగుతుంది. గోరు మళ్ళీ రాకూడదంటే ఆ ఎముకే తీసెయ్యాలి. నీ పది వేళ్ళనీ చివరి కణుపు దగ్గర నరికినట్టు. బ్రిటన్లో అది నేరం. న్యూయార్క్ రాష్ట్రం 2019లో నిషేధించింది, అమెరికాలో మొదటి రాష్ట్రం అదే. ఎముక పోయిన పిల్లి పాదం నొప్పితో ఇసుక ట్రే తొక్కడం మానేస్తుంది కొన్నిసార్లు. గోళ్ళు లేవని తెలిసి పళ్ళకి పని చెబుతుంది.

వదిన: ఛీ. అలాగని తెలీదు. సరే, నీ కోడి ముక్కలకీ లొంగని పిల్లి ఉంటుందిగా? గోరు మెత్తలో గుచ్చుకుని చీము పట్టినదానికి నెలరోజులు చెయ్యి జారుస్తూ కూర్చుంటావా?

ఆడపడుచు: కూర్చోను. అప్పుడు నీ పద్ధతే సరి, కానీ డాక్టరు చేతుల్లో. అది ఇంట్లో చేసే పని కాదు. డాక్టరు చూసి గాబాపెంటిన్ లాంటిది రాసిస్తే, క్లినిక్‌కి బయల్దేరడానికి రెండు గంటల ముందు ఇస్తే మగతగా ఉంటుంది, భయం తగ్గుతుంది. అవసరమైతే అక్కడే మత్తిచ్చి తీస్తారు. మోతాదు మాత్రం ఆయనే చెప్పాలి. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికైనా, మన పక్క వీధి క్లినిక్‌కైనా వెళ్ళాల్సిందే. ముసలి పిల్లి, షుగరున్న పిల్లి, గోళ్ళు ఉన్నట్టుండి లావెక్కిన పిల్లి అయితే గోళ్ళు తీయించడంతో ఆగకుండా రక్తపరీక్ష కూడా చేయించాలి. థైరాయిడ్ ఎక్కువైనా గోళ్ళు అలా ముదురుతాయి.

వదిన: అంటే భయపడే పిల్లికి మందివ్వడం నీకు ఓటమి కాదన్నమాట.

ఆడపడుచు: ఎందుకవుతుంది? భయంతో పోరాడిన పది నిమిషాలు దానికి ఏడాది గుర్తుంటాయి. మగతలో తీసిన గోరు గుర్తుండదు.

వదిన: ఒక్కటి మాత్రం నేను ఒప్పుకోను. గోరు కర్టెన్‌లో ఇరుక్కుని అది వేలాడుతూ గింజుకుంటుంటే నువ్వు కోడి ముక్క కోసం వంటింట్లోకి పరిగెడతావా? అప్పుడైనా గట్టిగా పట్టుకుని ఆ గోరు కత్తిరించాలా వద్దా?

ఆడపడుచు: పట్టుకోవాలి, తువ్వాలు కప్పి కింద చెయ్యి పెట్టి బరువు ఎత్తాలి. గోరు కొక్కెం కదా, వెనక్కి లాగితే ఇంకా బిగుస్తుంది. పంజాని పైకి, ముందుకి తోస్తే ఊడి వస్తుంది. రాకపోతే కత్తెర తీసుకుని దారం కత్తిరించాలి. గోరు కాదు.

వదిన: కర్టెనా? అది మీ అన్నయ్య పోచంపల్లి నుంచి తెచ్చింది.

ఆడపడుచు: నాకిచ్చి రెండేళ్ళయింది వదినా. ఇప్పటికే కింద జానెడు లేదు.